పెట్టిన చేతి కథ: ఇంటి పెద్దల జ్ఞాపకాల పుస్తకం వేసే పద్ధతి, మొదటి నెల నుంచి సంవత్సరీకం దాకా

ఇంట్లో ఓ మంచి మనిషి పోతే జరిగేవి దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. వీధి మొగలో ఫ్లెక్సీ, పేపర్లో చిన్న ఫొటో, పెద్దకర్మ కార్డు. కాస్త ఓపికున్న కుటుంబమైతే ఏడాది తిరిగేసరికి ఓ స్మృతి సంచిక కూడా వేస్తారు. అది తెరిస్తే పరోపకారి, నిగర్వి, అజాతశత్రువు, ఆపద్బాంధవుడు. ఫొటో ఒక్కటి మార్చి పక్క వీధి పెద్దాయన పేరు మీద అదే పుస్తకం పంచినా ఎవరూ పట్టుకోలేరు.

బతికినన్నాళ్లూ నలుగురికీ పెట్టినవాళ్ల విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. అలాంటివాళ్లు ఇంట్లో చెప్పి ఇవ్వరు. చెబితే కొడుకులు లెక్కలడుగుతారు, కోడళ్లు మొహాలు చూసుకుంటారు. అందుకని వాళ్ల చేతి చలవ గురించి ఇంట్లోవాళ్లకు తెలిసేది పావలా వంతే. మిగతా ముప్పావలా తీసుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది. ఆ ముప్పావలా ఎలా రాబట్టాలన్నదే ఈ వ్యాసమంతా.

డొక్కా సీతమ్మగారి సంగతే చూడండి. 1841లో పుట్టి 1909లో పోయారు. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి పెట్టిన ఇల్లాలు. ఆవిడ గురించి మనకు తెలిసింది చాలావరకు ఆ ఇంట తిన్నవాళ్లు చెప్పుకుంటూ వచ్చిందే. ఆ నోటి మాటే ఇవాళ గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్ట్‌కీ, ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరు పెట్టించింది. మీ ఇంటి మనిషికి అంత పేరు రాకపోవచ్చు, కానీ వివరాలు దొరికే దారి మాత్రం అదే.

మొదటి అడుగు: ముందు ఫోను సంగతి చూడండి

దుఃఖంలో ఉన్నప్పుడు ఇది గుర్తు చేయడం బాగుండదు గానీ, అన్నిటికంటే ముందు పోయేవి ఫోనులో ఉన్నవే. ట్రంకుపెట్టెలో కాగితాలు ఇంకో పదేళ్లయినా ఉంటాయి. వాడకం లేని ప్రీపెయిడ్ సిమ్ మాత్రం 90 రోజులు దాటాక రద్దయిపోవచ్చు, తర్వాత ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది. వాట్సాప్ ఖాతా కూడా 120 రోజులు తెరవకపోతే మామూలుగా తీసేస్తారు. అంటే సంవత్సరీకానికి ఇంకా ఎనిమిది నెలలుండగానే ఆ గొంతు పోయే ప్రమాదం ఉంది.

కాబట్టి సిమ్‌ను ఏడాది పాటు చిన్న రీచార్జితో బతికించండి. ఫోనును మనవడికి "ఆడుకోవడానికి" ఇవ్వొద్దు, రీసెట్ చేయొద్దు. ముఖ్యమైన చాట్‌లు తెరిచి, మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియాతో సహా బయటికి తీయండి. వాయిస్ మెసేజ్‌లు ఒక్కొక్కటీ విని, దేనిలో ఏముందో ఒక ముక్కలో రాసుకోండి. "అమెరికా మనవరాలికి, ఆవకాయ గురించి" అని రాసుకుంటే చాలు. కుటుంబంలో ఎవరి ఫోనులోనైనా కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉండేదేమో అడగండి. చాలామందికి అది ఆన్‌లో ఉన్నట్టే తెలియదు. ఆ ఫైళ్లలో ఏ ప్రత్యేకతా లేని రోజు మాట్లాడిన మాటలుంటాయి. "తిన్నావా? ఏం కూర?" అన్న గొంతు కెమెరా ముందు కూర్చోబెట్టి తీసిన వీడియోలో దొరకదు.

ఒక్క జాగ్రత్త. అదే ఫోనులో డబ్బు యాప్‌లుంటాయి, వాటి జోలికి వెళ్లకండి. అది బ్యాంకూ, నామినీ తేల్చుకోవలసిన వ్యవహారం. జ్ఞాపకాల కోసం తెరిచిన ఫోను ఆస్తి తగాదాలో సాక్ష్యం అయిపోయిన ఇళ్లున్నాయి.

రెండో అడుగు: పెట్టె, గోడ, అటక

తర్వాత కాగితాలు. ఇక్కడ ఒక్కటే నియమం: ఏదీ ఏరి పారేయకండి. దినకర్మలయ్యాక ఇల్లు సర్దే హడావుడిలో పాత క్యాలెండర్లు, మందుల చీటీలు, మనియార్డరు రసీదులు, పెళ్లి చదివింపుల పుస్తకాలు బయటికి పోతాయి. నిజానికి మనక్కావలసిన మనిషి వాటిలోనే ఎక్కువ ఉంటుంది.

మా పెద్దమ్మ వంటింటి తలుపు వెనక నెలవారీ క్యాలెండర్ వేలాడేది. పాల లెక్క, గ్యాస్ వచ్చిన రోజు అన్నీ దాని గళ్లలోనే రాసేది. పాతవి పారేయకుండా చుట్టచుట్టి అటక మీద పెట్టింది. ఒక జూన్ నెల గడిలో, పాల లెక్క కింద, పెన్సిల్‌తో "రా. ఫీజు 60" అని ఉంది. రెండు నెలల తర్వాత ఇంకో గడిలో "రా. పుస్త. 45". ఇచ్చిన పద్దు ఉంది గానీ తిరిగొచ్చిన పద్దు ఎక్కడా లేదు. "రా." ఎవరో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఇలాంటి పొడి అక్షరాలు దొరికితే వాటిని ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. తర్వాత మీరు వెతకబోయే మనుషుల జాబితా అదే.

చదివింపుల పుస్తకాలను కూడా తిరగేయండి. ఎవరి పెళ్లికి ఎంత చదివించారో చూస్తే, బంధువులు కానివాళ్ల ఇళ్లలో ఎక్కడ చెయ్యి పెద్దదిగా పడిందో తెలుస్తుంది. సొంత మేనకోడలికి 116, పాలేరు కూతురికి 516 అని ఉంటే అక్కడ ఒక కథ ఉన్నట్టే.

ఫొటోల గురించి నాలుగు మాటలు. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫొటోను పీకకండి, పై పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి. చిన్న ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేస్తే పెద్దది చేసి అచ్చేసుకోవచ్చు. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోనును ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. వెనక వైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, ఎవరో రాసిన తేదీ అక్కడే ఉంటాయి. మీరు వెనక ఏదైనా రాయాలనుకుంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్నుతో వద్దు, గీత ముందుకు లేస్తుంది. వాట్సాప్‌లో పంపుకునేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నాణ్యత పడిపోతుంది.

ఈ మధ్య పాత ఫొటోలను ఏఐ యాప్‌లతో "క్లియర్" చేయడం ఫ్యాషనైంది. చెయ్యండి, సరదాగా ఉంటుంది. పుస్తకంలో మాత్రం అసలు ఫొటోనే వేయండి. ఆ యాప్ తెలియని చోటల్లా తనకు తోచిన కళ్లూ పళ్లూ పెట్టేస్తుంది. చివరికి మిగిలేది అందంగా ఉన్న ఎవరో ఒకావిడ.

మూడో అడుగు: ఎవరిని అడగాలి

అందరూ ముందు అడిగేది పెద్ద కొడుకునీ, పేరున్న బంధువునీ. నా సలహా, వాళ్లను ఆఖర్న అడగండి. వాళ్లు చెప్పేది అప్పటికే అందరికీ తెలిసి ఉంటుంది, పైగా మొదట వాళ్ల మాట వింటే మిగతావన్నీ అదే చట్రంలో కనిపిస్తాయి.

మొదట వెళ్లవలసింది ఇంటి పనులు చేసినవాళ్ల దగ్గరికి. పాలు పోసినాయన, అంట్లు తోమినామె, పొలం కౌలుకు చేసినాయన, ఆటో నడిపే కుర్రాడు, మందుల షాపాయన, కిరాణా కొట్టు శెట్టిగారు. ఖాతా పుస్తకం వల్ల కొట్టువాళ్లకు చాలా తెలుస్తుంది. "ఫలానా వాళ్లకు సరుకులియ్యి, నా ఖాతాలో రాసుకో" అన్న మాట ఇంట్లో వినబడకపోయినా కొట్లో వినబడి ఉంటుంది. ఊళ్లో బడి ఉంటే పాత మాస్టార్లు, ఆస్పత్రి ఉంటే పాత కాంపౌండరు.

పెద్దకర్మ రోజు ఒక మంచి అవకాశం. భోజనాలకు వచ్చినవాళ్లలో మీరు గుర్తుపట్టనివాళ్లు తప్పకుండా కొందరుంటారు. ఒక మూల కూర్చుని, తిని, ఎవరితోనూ మాట్లాడకుండా ఫొటోకు దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతారు. కుటుంబంలో ఒకరికి ఆ రోజు ఇంకే పనీ అప్పగించకుండా, అలాంటివాళ్లను పలకరించి పేరూ ఫోన్ నంబరూ తీసుకునే బాధ్యత ఇవ్వండి. ఆ రోజు కథ అడగొద్దు. "తర్వాత ఒకసారి ఫోన్ చేస్తానండి" అంటే సరిపోతుంది. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడిక, ముస్లిం కుటుంబాల్లో నలభయ్యో రోజు చెహల్లుం నాడు కూడా ఇదే పని చేయొచ్చు.

మా "రా." దొరికింది అలాగే. ఇప్పుడు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. భోజనాలకు యూనిఫాంతోనే వచ్చి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. నంబరు తీసుకున్నది మా చిన్న మరదలు.

నాలుగో అడుగు: ఎలా అడగాలి

"ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పండి" అనకండి. ఆ మాట వినగానే ఎవరైనా గొంతు సవరించుకుని మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడతారు. మహాతల్లి, అన్నపూర్ణ, అలాంటి మనిషి మళ్లీ పుట్టదు. నిజమే కావచ్చు, కానీ ఎవరి గురించైనా అనొచ్చు.

చిన్న ప్రశ్నలు వేయండి, చోటూ వస్తువూ ఉన్నవి. మొదటిసారి వాళ్లింటికి ఏ పని మీద వెళ్లారు? ఎక్కడ కూర్చోబెట్టారు? అప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు? తినడానికి ఏం పెట్టారు, ఆకులోనా, కంచంలోనా? డబ్బు ఎక్కడ నుంచి తీసి ఇచ్చారు, బీరువాలోంచా, పోపుల డబ్బాలోంచా? తిరిగిస్తానంటే ఏమన్నారు? మీ మీద ఎప్పుడైనా కోప్పడ్డారా?

ఈ ఆఖరి ప్రశ్న వదలకండి. ఎదుటివాళ్లు నవ్వడం మొదలయ్యేది అక్కడే, అసలు మాటలు వచ్చేదీ అక్కడే.

ఆ లైన్‌మన్ చెప్పిన మాట ఇది, ఫోనులో రికార్డు చేసినట్టే రాస్తున్నాను: "ఫీజు కట్టారని కాదండీ. డబ్బులు మా అమ్మ చేతికిచ్చి, నీ కొడుక్కి నువ్వే కట్టానని చెప్పు, నా పేరెత్తావంటే ఊరుకోను అన్నారంట. నాకు ఉద్యోగం వచ్చాక గానీ మా అమ్మ చెప్పలేదు. అప్పుడు వెళ్లి కాళ్లకు దణ్ణం పెడితే, ముందు ఆ ఫ్యూజు సంగతి చూడరా, పొద్దున్నుంచీ కరెంటు లేదు, అన్నారు." క్యాలెండర్ గడిలో పేరు పొడి అక్షరంగా ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

రికార్డు చేసే ముందు అడగండి, వద్దంటే ఫోను లోపల పెట్టేయండి. ఒప్పుకుంటే ఫోనును మనిషికి దగ్గరగా, చేతిరుమాలు మీద పెట్టండి, ఫ్యాను తగ్గించండి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మొదట మీరే తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. పదేళ్ల తర్వాత ఆ ఫైల్ ఎవరిదో తెలియాలంటే ఇది తప్పదు. ముసలివాళ్లతో గంట దాటించొద్దు. మాట మధ్యలో ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా కాసేపు ఊరుకోండి, చాలాసార్లు వాళ్లే అందుకుంటారు. విదేశాల్లో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో అడగొచ్చు గానీ, ఇటుపక్క ఒకరు కూర్చుని ఉండాలి. పెద్దవాళ్లు స్క్రీన్‌తో మాట్లాడరు, పక్కనున్న మనిషితోనే మాట్లాడతారు.

మాండలికాన్ని సరిదిద్దకండి. "ఒచ్చిండు" అంటే "ఒచ్చిండు" అనే రాయాలి. శ్రీకాకుళం ముసలామె "ఇచ్చీసింది" అంటే అదే ఉంచాలి. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో కంపోజింగ్, చేసేవాళ్లు దాన్ని "ఇచ్చేసింది" అని దిద్దుతారు, ప్రూఫులో వెనక్కి మార్పించండి.

ఐదో అడుగు: తేదీలు కుదర్చడం

మన పెద్దవాళ్లు తారీఖులు చెప్పరు. "పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు గోదారి పుష్కరాలు" అంటారు, "ఉప్పెన తర్వాత సంవత్సరం" అంటారు. నిజానికి చాలా తేదీల కంటే ఇదే నమ్మకమైంది, మార్చుకోవడం తెలిస్తే చాలు. ఒక తెల్లకాగితం మీద మీ ప్రాంతపు గుర్తులు రాసుకోండి. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. కోనసీమ తుపాను 1996 నవంబరు 6. గోదావరి పెద్ద వరద 1986 ఆగస్టు. హైదరాబాద్ పోలీసు చర్య 1948 సెప్టెంబరు. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు. రెండు రూపాయల కిలో బియ్యం 1983. కర్నూలు వరద 2009 అక్టోబరు. ఎవరు ఏ సంఘటనతో ముడిపెట్టి చెప్పినా ఈ కాగితం మీద చోటు దొరుకుతుంది.

తెలుగు సంవత్సరం పేరు చెబితే ఇంకా తేలిక. 60 ఏళ్ల చక్రం 1927 ఉగాదికి ప్రభవతో మొదలై, మళ్లీ 1987లో ప్రభవకు వచ్చింది. ధాత అంటే 1936, చిత్రభాను అంటే 1942, తారణ అంటే 1944. అయితే ఉగాది మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాల్లో పుట్టినవాళ్లకు ఇంగ్లీషు సంవత్సరం ఒకటి పెరుగుతుంది. ధాత నామ సంవత్సరం మాఘంలో పుడితే 1937 అన్నమాట. 60 ఏళ్ల తేడాతో రెండు సంవత్సరాలకు ఒకే పేరు ఉంటుందని కూడా మర్చిపోవద్దు. ఊళ్లో ఎవరైనా ధాత కరువు అంటే అది 1936 కాదు, ముత్తాతల నాటి 1876-77 కరువు.

బడి సర్టిఫికెట్‌లో జూలై 1 అని ఉంటే నమ్మకండి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ అయ్యుంటుంది. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో, అంతకు ముందు పల్లెల్లో పుట్టినవాళ్లకు కచ్చితమైన కాగితం దొరకడం అదృష్టం. జాతక చక్రం ఉంటే దానికే ఓటు వేయండి.

పాత కొలతలను మార్చేయకండి. "రెండు మానికల బియ్యం" అంటే అలాగే ఉంచండి. మానిక, తవ్వ, కుంచం ఊరికో తీరు. వీశ మాత్రం సుమారు 1.4 కిలోలని కింద రాయొచ్చు. డబ్బు విషయంలో 1957 ఏప్రిల్‌కు ముందు కథ అయితే అణాలు, బేడలు, కాణీలు ఉంటాయి, రూపాయికి 16 అణాలు. ఆనాటి 10 రూపాయలు ఎంతో మనవళ్లకు తెలియాలంటే ఇప్పటి విలువ కట్టడం కంటే, అప్పుడు దానికి ఏమొచ్చేదో అదే పెద్దవాళ్లను అడిగి రాయండి.

బడికి స్థలమిచ్చారు, గుడికి పొలం రాశారు అని అందరూ అంటుంటే ఒకసారి సరిచూసుకోవడం మంచిది. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే రిజిస్ట్రేషన్ శాఖ ఈసీలు 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. శిలాఫలకం ఉంటే ఫొటో తీయండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా భావే ముందు 100 ఎకరాలు ఇస్తానన్నాక, తెలంగాణలో చాలా కుటుంబాల్లో "మా తాత కూడా భూదానంలో ఇచ్చాడు" అన్న మాట ఉంది. అందులో ఇచ్చినవాళ్లూ ఉన్నారు, ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. కాగితం చూశాకే అచ్చుకివ్వండి.

ఆరో అడుగు: ఇబ్బందికరమైన సంగతులు

చాలా పుస్తకాలు తేలిపోయేది ఇక్కడే. దానం చేసే మనిషి ఇంట్లో ఆ దానం బరువు ఎవరో మోస్తారు. తాతయ్య దారినపోయేవాళ్లందర్నీ భోజనానికి పిలిస్తే, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఎసరు పెట్టింది నానమ్మ. ఆయన పేరుకు ఆవిడ నడుము నొప్పి జోడించకపోతే లెక్క సగమే. హామీ సంతకం పెట్టి ఇల్లు తాకట్టు పడిన కథ ఉంటే, అప్పుడు చదువు ఆగిపోయిన కూతురు ఏమంటుందో కూడా అడగండి. ఆవిడ చెప్పేది కాస్త చేదుగా ఉంటే ఉండనివ్వండి. అది ఉంటేనే మిగతా మంచి నమ్మబుద్ధేస్తుంది.

ఇంకోటి, అన్నం అందరికీ పెట్టారు, కానీ అందరికీ ఒకేచోట పెట్టారా? పెరటి గుమ్మంలోంచి, పైనుంచి వడ్డించిన ఇళ్లు మన తాతల కాలంలో తక్కువేం కాదు. అలా తిన్నవాళ్లు ఆ సంగతి చెబితే, "అది వద్దులెండి" అని కొట్టేయకండి. కడుపు నిండిందనీ చెప్పారు, ఎక్కడ కూర్చున్నదీ చెప్పారు. రెండూ అచ్చులో పడాలి. తర్వాతి రోజుల్లో ఆ గుమ్మం మారి ఉంటే, ఎప్పుడు, ఎవరి వల్ల మారిందో వెతకండి. నా దృష్టిలో పుస్తకం మొత్తంలో అంతకంటే విలువైన పేజీ ఉండదు.

తీసుకున్నవాళ్ల పరువు ఇంకో పక్క. సాయం పొందినవాళ్ల పేర్లు వాళ్ల అనుమతి లేకుండా వేయొద్దు. ఇవాళ వాళ్లకు కోడళ్లూ అల్లుళ్లూ ఉంటారు. "మా వీధిలో ఒక అబ్బాయి" అంటే కథకు వచ్చిన లోటేమీ లేదు. పేరు వేసుకోమన్నా సరే, రాసిన పేజీ చదివి వినిపించి, ఊ అన్నాకే పంపండి. మా లైన్‌మన్ పేరు పుస్తకంలో లేదు. ఫీజు ఎంతో వేయమన్నాడు, పేరు మాత్రం పెద్దమ్మ దాచినట్టే ఉండనివ్వమన్నాడు.

ఏడో అడుగు: రాయడం

ఒక కథకు ఒక పేజీ, మహా అయితే రెండు. పుట్టుక, చదువు, పెళ్లి, సంతానం అన్నీ కలిపి మొదట రెండు పేజీల్లో ముగించండి, వంశవృక్షం చివర్న పెట్టండి. అందులో ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేర్లు కూడా రాయాలి. తర్పణాలు వదిలేటప్పుడు తల్లి, నానమ్మ, తాతమ్మల పేర్లు కూడా చెబుతారు కాబట్టి మీ ఇంట్లో ఎవరికో ఒకరికి, లేదా పురోహితుడికి, ఆ పేర్లు గుర్తుండే ఉంటాయి.

రాసింది ఒకసారి చదివి, విశేషణాలన్నీ కొట్టేయండి. "కరుణామయి అయిన మా అమ్మమ్మ ఎందరో పేద విద్యార్థులకు ఆర్థిక సాయం అందించారు" అన్న వాక్యం ఏ సంచికలోనైనా ఉంటుంది. దాని బదులు: "అమ్మమ్మ జూన్ నెలలో కొత్త చీర కొనుక్కోవడం మేమెప్పుడూ చూడలేదు. బళ్లు తెరిచే నెల అది." రెండే వాక్యాలు, వాటిలో కరుణ అన్న మాటే లేదు. చదివినవాళ్లు తామే అనుకుంటారు.

పద్యాలు, కవితలు వస్తాయి. తప్పదు, ప్రతి కుటుంబంలో ఒక కవి ఉంటాడు. ఒకటి వేయండి, మిగతావి సభలో చదివించండి. ఎమ్మెల్యేగారి సందేశం, కుల సంఘం అధ్యక్షులవారి సందేశం అవసరమా అంటే, నా మటుకు అక్కర్లేదు. ఆ నాలుగు పేజీల్లో పాలాయన మాట వేసుకోవచ్చు.

వంటల పేజీ ఒకటి ఉంచండి. ఆవిడ కలిపే పులిహోర కొలత రాసే పేజీని అందరూ మొదట తెరుస్తారు. గుప్పెడు అంటే ఎవరి గుప్పెడు అన్న తగాదా కూడా అందులోనే రాయండి.

ఎనిమిదో అడుగు: అచ్చు

సాంకేతికం కాబట్టి త్వరగా చెబుతాను. డెమీ సైజు, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు, చేతిలో ఇముడుతుంది. అచ్చు 16 పేజీల ఫారాల్లో సాగుతుంది కాబట్టి 64, 80, 96 ఇలా చూసుకోండి, లేకపోతే చివర్న తెల్ల పేజీలు మిగులుతాయి. లోపల 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కాగితం సరిపోతుంది, ఫొటోలు మాత్రం ఒక ఫారంగా ఆర్ట్ పేపర్ మీద వేయించండి. వంద కాపీలే అయితే డిజిటల్ ప్రింటింగ్, ఐదొందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. చదివేవాళ్లలో సగం మంది 60 దాటినవాళ్లు కాబట్టి అక్షరం 14 పాయింట్లకు తగ్గొద్దు. లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు బాగానే ఉంటాయి.

డీటీపీ వాళ్లతో ముందే తేల్చుకోండి: ఫైలు యూనికోడ్‌లో కావాలి. చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలోనే కంపోజ్ చేస్తారు. దాన్ని తర్వాత ఫోనులో చదవాలన్నా, ఎవరికైనా పంపాలన్నా కుదరదు. మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి, కాబట్టి ఆఖరి ప్రూఫును ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రాతప్రతి చూడాలి. ముఖ్యంగా పేర్లు.

తేదీ విషయంలో చాలామంది కంగారు పడేది ఇక్కడ. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, ఇంగ్లీషు తేదీకి సాధారణంగా 10, 11 రోజులు ముందే. మధ్యలో అధిక మాసం పడితే ఇంగ్లీషు తేదీ దాటాక వస్తుంది, 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. పురోహితుణ్ని అడిగి రోజు రాసుకుని, దానికి నెల ముందు ఫైలు ప్రెస్సులో ఉండేలా చూడండి. కుదరకపోతే కంగారుగా తప్పులతో వేయడం కంటే మహాలయ పక్షానికో, తెలంగాణలో అయితే పెత్రమాసకో వాయిదా వేసుకోండి. పెద్దల్ని తలుచుకునే రోజులే అవి కూడా.

తొమ్మిదో అడుగు: ఇచ్చే పని ఆగకుండా

ఆ మనిషి ఏది ఇచ్చేవారో అదే, ఆ మోతాదులోనే కొనసాగించడం మేలు. ఫీజులు కట్టినావిడ పేరు మీద కల్యాణమండపంలో ఫ్యాన్లు వేయించడం ఏం అతుకుతుంది? ఊరి హైస్కూల్లో హెడ్మాస్టర్‌గారితో మాట్లాడి, ఒక డిపాజిట్ వేసి, వడ్డీతో ఏటా ఒకరిద్దరికి పుస్తకాలో ఫీజో ఏర్పాటు చేయొచ్చు. ఇప్పటి వడ్డీల్లో లక్షకు ఏడాదికి ఆరేడు వేలు వస్తాయి. ఫస్ట్ మార్కు వచ్చినవాళ్లకే అని పెట్టొద్దు, ఫీజు కట్టలేనివాళ్లు ఎవరో ఆ మాస్టార్లకు తెలుసు. అన్నం పెట్టిన చేతి పేరు మీద అయితే ఊరి గుడి శాశ్వత అన్నదానం ఉంది, తిరుమల అన్నప్రసాదం ట్రస్టు ఉంది. ఎక్కడిచ్చినా రసీదు తీసుకుని, ఎవరు పర్యవేక్షిస్తారో ఒక పేరు రాసిపెట్టుకోండి. అన్నదమ్ములందరి బాధ్యత అంటే రెండో ఏడు ఎవరూ చూడరు.

ఆఖరిగా, కాపీలు

మొదటి కాపీలు వెళ్లవలసింది మాట చెప్పినవాళ్లకు, తాంబూలంతో సహా, ఇంటికి వెళ్లి. చదవలేనివాళ్లకు వాళ్ల పేజీ చదివి వినిపించండి. ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లో ఈనాటికీ జనం వెళ్లి ఎప్పటివో పత్రికలు తిరగేస్తున్నారంటే, ఒకప్పుడు ఎవరో ఇచ్చి పెట్టబట్టే. రికార్డింగులు, స్కాన్లు, యూనికోడ్ ఫైలు మూడు చోట్ల ఉంచండి. ఒక హార్డ్ డిస్కు ఊళ్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర, ఇంకోటి క్లౌడ్‌లో. క్లౌడ్ ఖాతా పోయినవారి పేరు మీద కాకుండా బతికున్నవాళ్ల పేరు మీద ఉండాలి. గూగుల్ అయితే రెండేళ్లు వాడని ఖాతాను తీసేయవచ్చు.

ప్రతి కాపీ చివర్న నాలుగు ఖాళీ పేజీలూ, ఒక ఫోన్ నంబరూ ఉంచండి. పుస్తకం చేతికందిన వారంలోనే ఫోన్లు మొదలవుతాయి: "నా సంగతి రాయలేదేంటి? నాకు కుట్టుమిషన్ కొనిపెట్టింది ఎవరనుకున్నారు?" అని. వాళ్ల నంబరు రాసుకోండి, రెండో కూర్పుకు పనికొస్తుంది.